తన చక్రాన్ని తానే ఓడించిన పరీక్షాధికారి

1988 జూలై 4న మా విద్యుత్ మీటర్ల పరీక్షాశాలలో సహాయకులుగా చేరి, నేడు ప్రధాన పరీక్షాధికారిగా పదవీ విరమణ చేస్తున్న మా పెద్దాయనను అభినందించే భాగ్యం, ఆయనతో రోజూ వాదానికి దిగిన నాకే దక్కింది.

తొలి సంవత్సరాలలో వారు ఇంటింటికీ తిరిగి, మొరాయించిన మీటర్లనూ, అతివేగంగా పరుగులు తీసే మీటర్లనూ పరీక్షించి వినియోగదారుల మన్ననలు పొందారు. పదోన్నతిపై పరీక్షాశాల బాధ్యతలు స్వీకరించాక, ఇద్దరు విడివిడిగా చూడనిదే ఏ మీటరుకూ సీలు వేయరాదన్న నియమాన్ని నెలకొల్పారు. మేము విసుక్కున్నాం. ఆయన చలించలేదు.

ఇంతటి నిక్కచ్చి మనిషికి ఒక పిచ్చి ఉండేది, ఖర్చులేని కరెంటు. మోటారు బరువైన ఇనుప చక్రాన్ని తిప్పాలి, చక్రం డైనమోను తిప్పాలి, డైనమో ఆ మోటారునే నడుపుతూ పైగా ఓ బల్బునూ వెలిగించాలి. అందుకే ఆయన మాకు చక్రంగారు. భోజన విరామంలో డ్రైవరూ, గుమాస్తా ఆయన పక్షం. భౌతికశాస్త్రమూ, నేనూ ఎదుటి పక్షం.

"ఇచ్చినదానికన్నా ఎక్కువ ఎలా వస్తుందండీ?" అనేవాణ్ణి.

"రాదని మీరు పుస్తకంలో చూశారు. నేను బల్ల మీద చూస్తాను" అనేవారు.

కిందటేడు ఒక సెలవు రోజున, శ్రీమతిగారిని వెంటబెట్టుకుని, ఇంట్లో తయారుచేసిన ఆ యంత్రాన్ని పరీక్షాశాలకే తెచ్చి, మమ్మల్నందరినీ రప్పించారు. లోపలికి వెళ్లే విద్యుత్తుకంటే బయటికి వచ్చేదే ఎక్కువని మీటర్లు చూపించాయి. గుమాస్తా చప్పట్లు కొట్టాడు. ఎంత వెతికినా నాకు తప్పు దొరకలేదు. జీవితమంతా కోరుకున్న గెలుపు ఆయన చేతికి అందింది. ఆయన మాత్రం మీటరు వైపే చూస్తూ ఉండిపోయారు.

"ఆగండి. మోటారు కరెంటును కుదుపులు కుదుపులుగా లాగుతోంది. ఈ మీటరు కుదుపుల్ని సరిగ్గా పట్టదు, తక్కువ చూపిస్తుంది" అన్నారు.

తగిన మీటరును స్వహస్తాలతో తగిలించారు. లోపలికి వెళ్లేదే ఎక్కువని తేలింది.

"మీరు చెప్పకపోతే ఎవరికి తెలిసేదండీ?" అని శ్రీమతిగారు మెల్లగా అడిగారు.

"నాకు తెలిసేదిగా. ఊళ్లోవాళ్ల మీటర్లలో తప్పులు పట్టి, నా దాంట్లో చూసీ చూడనట్టు పోతే ఎలా?"

"సరే, అయితే ఆ చక్రం నా భోజనాల బల్ల మీంచి దిగుతుందా?"

"దిగుతుంది. ఇంతకన్నా చిన్నది ఎక్కుతుంది."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయారు, మేమూ అంతే. వాదనలో నెగ్గింది నేనే అయినా ఆయన ముందు చిన్నవాణ్ణయిపోయాను, అలా అయినందుకు నాకు ఎంతో ఆనందంగా ఉంది.

తిరిగేది ఏదైనా ఒకనాడు అలసి ఆగక తప్పదని ఇన్నేళ్లూ ఆయనతో వాదించాను. ఆయురారోగ్యాలతో, సతీసమేతంగా, అలుపెరగక తిరుగుతూ, ఆ ఒక్క వాదనలో ఆయన నన్ను చిత్తుగా ఓడించాలని మనసారా కోరుకుంటున్నాను.