గడియ ఉన్న చోటు

మట్టెవాడ వడ్రంగి దుకాణంలో, గిటారు ఆకారంలో కోసిన టేకు చెక్క మీద, తీగల చప్పుడును స్పీకర్లకు పంపే పికప్ కోసం గుంత తొలుస్తున్న రౌటర్ మిషన్ ఆగింది. పక్కన నిలబడిన అమ్మాయి వంగి చూసింది.

"బిడ్డా, ఈడ గడియ స్క్రూ ఇరిగి లోపలే ఉన్నది. పికప్ గుంత జర పక్కకు తీస్త."

"వద్దు కాకా. స్క్రూ పీకి ఆడనే తియ్యి."

"ఎక్కడిదీ చెక్క?"

"నా రూం తలుపు. మా అన్న నా పాత గిటారు పలగ్గొట్టి, రాత్రంత బయట గడియ పెట్టిండు."

"తలుపు పీకినవని తెలిస్తే ఊకుంటడా?"

"తెల్వాలె. ఆయన పెండ్లి బరాత్‌ల దీన్నే వాయిస్త. ఆ రాత్రి లోపల్నుంచి ఎంత బాదినా వినలే. ఇప్పుడు పెండ్లిబట్టలతోని, స్పీకర్ల ముంగట నిలబడి వింటడు."

"అట్లయితే రెండు పికప్‌లు పెడుదాం, పట్టు."