టోవా పాయోలో మంకీ క్యాప్

మబ్బు మబ్బు మావయ్యా
మా ఇంటికి రావయ్యా
చాప ఏసి పీట ఏసి
చల్లకుండ...

చల్లకుండ ఏం చేస్తారో గుర్తుకు రావటం లేదు. ముందు పెడతారో, నెత్తిన పోస్తారో! చిన్నప్పుడు వాన మొహం చాటేస్తే మేం ఆడపిల్లలందరం వీధి వీధీ తిరిగి పాడేవాళ్ళం. ఇప్పుడు సగం పాటే మిగిలింది.

నువ్వెందుకు నవ్వుతావే ఆమా? నా పాటకా, నా టోపీకా?

టోపీకే. నాకు తెలుసులే. నవ్వు. పొద్దున చెత్త ఊడ్చే ఆయన చీపురు ఆపి మరీ చూశాడు. లిఫ్టులో ఎక్కిన పెద్దమనిషి నాకేదో అంటురోగం ఉందేమోనని మూలకి జరిగి నిలబడ్డాడు. ఈ ఎండలో నెత్తిన ఉన్ని మంకీ క్యాప్, ఒంటిమీద స్వెట్టరు, కాళ్ళకి మేజోళ్ళు. నన్ను నేనే అద్దంలో చూసి దడుచుకున్నా.

ఇట్టా ఇయ్యి ఆ మొలకల గిన్నె. నువ్వా పక్క నుంచి తోకలు తుంచు, నేనీ పక్క నుంచి తుంచుతా. చేతిలో పని లేకపోతే నీకు వినబుద్ధి కాదు కదా.

వినటానికేముందిలే. నా తెలుగు నీకు ముక్క అర్థం కాదు. నీ చైనా మాట నాకు అంతే. మా మనవరాలు స్పందన పాకే రోజుల నుంచీ ఈ టోవా పాయో ఫ్లాట్ల కింద, ఈ రాతిబల్ల దగ్గర కూర్చుంటున్నాం. నిన్ను అందరూ ఆమా అంటారు కాబట్టి నేనూ అంటున్నా. నీ అసలు పేరేందో నాకు తెలీదు. నా పేరు అంకమ్మ అని ఎన్నిసార్లు చెప్పినా నువ్వు ఆంటీ అనే అంటావు. అందుకేగా నీ దగ్గర చెప్పుకునేది? తెలుగు వచ్చినవాళ్ళకి చెప్పానంటే సాయంత్రానికల్లా ఊరికి ఆ చివరున్న జురాంగ్ వెస్ట్ దాకా పోతుంది.

సరే, విను. మా అల్లుడుగారికి బదిలీ అయింది.

గోపీకృష్ణ, మా అల్లుడు. చూశావుగా, కళ్ళద్దాలు, మెళ్ళో తాడుకి వేలాడే కార్డు. నిద్రలో కూడా అది తియ్యడేమోనని నా అనుమానం. ఆయన ఉద్యోగం ఏందంటే, రెండువేల సంవత్సరం వచ్చిందంటే బ్యాంకుల కంప్యూటర్లన్నీ పాడైపోతాయి, పాడవకుండా చూడాల. రెండువేలు రానే వచ్చింది. ఏదీ పాడవలేదు. పాడవనందుకు జీతం పెంచారు! మా ఊళ్ళో ఇట్టాంటి ఉద్యోగం ఉంటే నేనూ చేసేదాన్ని. రేపు సూర్యుడు ఊడి పడకుండా చూస్తానని చెప్పి అరుగు మీద కూర్చునేదాన్ని.

ఇప్పుడు ఆ బ్యాంకువాళ్ళే జ్యూరిక్‌ రమ్మన్నారంట. చలిదేశం. చుట్టూ కొండలంట.

మంచిదే కదా? పిల్లలు పైకొస్తుంటే నాకేం ఏడుపా? కానీ ఒక్క మాట. నువ్వూ వస్తావా అమ్మా అనో, నువ్వు రాకూడదమ్మా అనో, రెంటిలో ఒక్కటి చెప్పాలా వద్దా?

చెప్పరు! అమ్మని పొమ్మనకూడదు కదా. పాపం కదా. నలుగురూ ఏమనుకుంటారు? అందుకని ఏం చేశారో తెలుసా? రోజూ సాయంత్రం నాకు ఆ ఊరి వాతావరణం చదివి వినిపించటం మొదలుపెట్టారు.

అవునే ఆమా, నమ్ము! కాఫీ తాగటం అవగానే మా చాముండేశ్వరి, నా కూతురు, ఆ కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. అది ఫోను వైరులో దూరి కీచుకీచుమని పిల్లి తోక తొక్కినట్టు అరుస్తుంది. తర్వాత తెర మీద బొమ్మలొస్తాయి. మబ్బు బొమ్మ. మబ్బు కింద గీతలుంటే వాన. మబ్బు కింద చుక్కలుంటే మంచు. చాముండి గొంతు సవరించుకుంటుంది. రేడియోలో వార్తలు చదివినట్టు.

"ఆకులు రాలే కాలం అయిపోవస్తోందమ్మా. పల్లంలో అంతా వానంట. కొండల మీద మంచంట."

నేను "అట్టాగా" అంటా.

"గాలి కూడా ఉందంటమ్మా."

"అట్టాగా."

ఆకులు రాలటానికి ఒక కాలం ఉంటదంటే నాకు వింతే. ఈ ఊళ్ళో రోజూ రాలతాయి, రోజూ ఊడుస్తారు. ఈ ఊళ్ళో వాతావరణం చెప్పే ఆయనదీ మా అల్లుడి లాంటి ఉద్యోగమే. మధ్యాహ్నం ఉరుములతో వాన అని ఒక్కసారి రాసిపెట్టుకుంటే ఏడాదంతా అదే చదువుకోవచ్చు.

మొదట నేనూ అమాయకంగా విన్నా. తర్వాత అర్థమైంది. ఇది వాతావరణం కాదు, నాకు చీటీ చించటం. నా నోటితో నేనే "అమ్మో, నేను రాలేనమ్మా" అనాల. అప్పుడు వాళ్ళు "అయ్యో, మేం రమ్మన్నాం, ఆమే రానంది" అని అందరికీ చెప్పుకోవచ్చు. మా వాళ్ళలో ఇదొక మర్యాదలే. మీ వాళ్ళలో ఎట్టాగో.

నేనంటానా?

"చలి అంటే నాకు భలే ఇష్టమే చాముండీ" అన్నా.

దాని మొహం చూడాలి నువ్వు! మర్నాడు అల్లుడుగారు రంగంలోకి దిగారు.

"అత్తయ్యగారూ, అక్కడ సున్నా కంటే కిందకి పోతుందండి."

"సున్నా కింద ఏముంటది అల్లుడుగారూ?"

"మైనస్ అండీ."

నిజం చెప్తున్నా, నేను లెక్కలూ అక్షరాలూ నేర్చుకుంది ముసలితనం తలుపు తట్టాక. మా పేటలో పెద్దవాళ్ళకి చదువు చెప్పే పంతులమ్మ సున్నా దగ్గర ఆపేసింది. దాని కింద కూడా ఒక ఊరుందని ఆమె చెప్పలేదు. "చూడాల్సిందే అయితే" అన్నా. ఆయన లేచి స్నానానికి పోయాడు. అంతకుముందే ఒకసారి చేశాడు.

ఆదివారం అరుణశ్రీని దింపారు. చాముండి స్నేహితురాలు. జురాంగ్ వెస్ట్ నుంచి రైలు మారి మరీ వచ్చింది, నన్ను భయపెట్టటానికి. పప్పుచారు పోసుకుంటూ మొదలెట్టింది. "ఆంటీ, మంచులో కాలు జారిందంటే తుంటి ఎముక పుటుక్కే. మా తోడికోడలి అత్తగారు అట్టాగే పడి మంచం దిగలేదు. ముక్కు కొన మొద్దుబారిపోతుంది ఆంటీ, ఉందో లేదో చేత్తో తడిమి చూసుకోవాలి."

"ముక్కుతో పనేముందమ్మా నాకు" అన్నా, "కళ్ళద్దాలు నిలబడితే చాలు."

ఆ సాయంత్రమే నేను మా దేశం కొట్లుండే సెరంగూన్ రోడ్డుకి పోదాం పదమన్నా. అక్కడ కొన్నదే ఈ టోపీ. కొట్టు అబ్బాయి ఎక్కడో పైఅర నుంచి దుమ్ము దులిపి తీశాడు. ఎండల దేశంలో ఇది అడిగిన మొదటి మనిషిని నేనేనేమో! "ఎట్టా ఉందే చాముండీ?" అంటే అది "బానే ఉందమ్మా" అంది, టోపీ వంక చూడకుండా.

అప్పటినుంచీ ఇంట్లో పెట్టుకునే కూర్చుంటున్నా. అలవాటు కావాలి కదా! ఫ్యాను కింద, స్వెట్టరు వేసుకుని, చెమటలు కారుతూ. వాళ్ళు వాతావరణం చదవటం, నేను టోపీ చెవుల మీదకి లాక్కోవటం. వాళ్ళు ఇంకాస్త మంచు కురిపించటం, నేను ఇంకో జత మేజోళ్ళు ఎక్కించటం. స్పందన ఒకటే నవ్వు, ఈ ఊరి పిల్లల్లా మాట చివర ‘లా’ తగిలించి. "అమ్మమ్మా, యూ లుక్ లైక్ మంకీ లా!" దానికి తెలుగులో నవ్వటం ఒక్కటే వచ్చు.

నీకు నవ్వొస్తోంది కదా? నాకూ వచ్చింది కొన్నాళ్ళు.

ఇప్పుడు అసలు సంగతి చెప్తా, ఆ గిన్నె కాస్త ఇటు జరుపు.

మా చాముండి చదివేది చదవటం కాదు.

ఎట్టా తెలుసంటావా? నాకు కాక ఎవరికి తెలుస్తుందే? అక్షరం రాని రోజుల్లో మా రామాలయంలో భజన చేసేటప్పుడు అందరికీ పుస్తకాలిచ్చేవాళ్ళు. నాకు రాదని చెప్పటానికి సిగ్గు. పక్కామె పేజీ తిప్పితే నేనూ తిప్పేదాన్ని, పెదాలు ఆడించేదాన్ని. అట్టా ఏళ్ళకేళ్ళు చదివినట్టు నటించినదాన్ని. ఒకరోజు పక్కామె కునుకు తీసింది. పాటలు మారిపోతున్నాయి, నేను అదే పేజీ పట్టుకుని కూర్చున్నా. ఒక చిన్నపిల్ల అందరిలో గట్టిగా అంది, "అంకమ్మత్తకి చదవటం రాదు" అని. ఆ రోజు నా మొహం ఎట్టా కాలిందో నాకిప్పటికీ తెలుసు.

నిజంగా చదివే మనిషి కళ్ళు వరస చివరిదాకా పోయి మళ్ళీ వెనక్కొస్తాయే ఆమా. నటించే మనిషి కళ్ళు నడిమధ్య నిలబడిపోతాయి. చాముండి కళ్ళు అట్టా నిలబడటం నేను కొద్దిరోజులకే చూశా. పైగా ఆ రోజు తెర మీద మబ్బు లేదు, గీతల్లేవు, చుక్కల్లేవు. గుండ్రంగా, పసుపుపచ్చగా, చిన్నపిల్లలు గోడమీద గీసే సూర్యుడు! అది చూడటానికి ఇంగ్లీషు రావాలా? అయినా నా కూతురు గొంతు సవరించుకుని చదువుతోంది. పల్లంలో వానంట, కొండల మీద మంచంట.

నాకోసం ఒక దేశం మొత్తం మీద మంచు కురిపించింది నా బిడ్డ. ఎంత కష్టపడిందో చూడు!

అక్కడ ఇల్లు చిన్నదో, నాకు కాగితాలు రావో, లేకపోతే ఇన్నాళ్ళు మోసింది చాల్లే అనిపించిందో. ఏదైనా సరే, ఆ ముక్క చెప్తే నేను అర్థం చేసుకోనా? చీరాలలో మా పెద్దోడు ఈశ్వరరావు ఉన్నాడు, బట్టల కొట్టు ఉంది, నాకేం తక్కువ? నాకు తక్కువయ్యేది ఒక్క స్పందనే. అది నిద్రపోయేటప్పుడు నా చెవి తమ్మె పట్టుకోవాలి. నన్ను చీరాల పంపితే దాని చేతికి ఏం ఇస్తారు? ఆ ఒక్కదానికోసమే ఇన్నాళ్ళు ఈ టోపీలో ఉడికాను. చూద్దాం, ఎవరి నోరు ముందు తెరుచుకుంటుందో అని.

నిన్న సాయంత్రం తెరుచుకుంది. స్పందనది.

అది వాళ్ళమ్మ ఒళ్ళో ఎక్కి కూర్చుంది. తెర నిండా సూర్యుళ్ళే, బొట్టుబిళ్ళలు అంటించినట్టు. చాముండి మామూలుగా మొదలెట్టింది. "ఇవాళ కూడా పల్లంలో వానంటమ్మా, కొండల మీద..."

"మమ్మీ, నో లా! సన్! సీ, ఆల్ సన్!"

వేలు పెట్టి ఒక్కో సూర్యుణ్ణీ పొడుస్తోంది. అల్లుడుగారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చాముండి వెనక్కి తిరగలేదు. మెడ ఎర్రగా కంది, కళ్ళు తెర మధ్యలో అట్టాగే.

ఆ మెడ నాకు తెలుసే. రామాలయంలో నాదే.

గెలిచాను కదా నేను? ఒక్క మాట అంటే చాలు. "ఏమే, సూర్యుడు కూడా మంచు కురిపిస్తాడా మీ జ్యూరిక్‌లో" అంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత బాగుండేదో అనటానికి!

ఏమన్నానో తెలుసా?

"స్పందనా, మీ అమ్మ చదివిందే నిజం. చలిదేశంలో సూర్యుడు ఊరికే బొమ్మకి ఉంటాడమ్మా, కింద అంతా మంచే." అని, ఊపిరి పీల్చుకుని, "నావల్ల కాదులేవే చాముండీ. ఆ చలి నేను తట్టుకోలేను. మీరెళ్ళిరండి. నేను చీరాల పోతా."

అనేశా. వాళ్ళు అన్నాళ్ళు కోరుకున్న మాట, పళ్ళెంలో పెట్టి ఇచ్చా.

ఇచ్చి, ఆగా. "అదేంటమ్మా, నువ్వు లేకుండా ఎట్టా?" అని ఒక్కసారి అంటుందేమోనని. ఊరికే, మర్యాదకి. నేనెట్టాగూ రానని తెలిసి కూడా అనొచ్చు కదా. అల్లుడుగారి పేపరు కిందకి దిగింది. మొహం తేటగా ఉంది, వాన వెలిసినట్టు.

ఓయ్ ఆమా! గుర్తొచ్చిందే! చల్లకుండ నీకిచ్చి సాగనంపుతామయ్యా, కురిసి కురిసి పోవయ్యా! అదీ పాట. చూశావా, మా కాలంలో మబ్బునైనా మొహం మీదే పొమ్మనేవాళ్ళం. చల్ల పోసి మరీ.

నా చెయ్యి ఎందుకు పట్టుకున్నావు? మొలకలు చూడు, కింద పడుతున్నాయి. ఏడవటంలా, చెమట. ఈ టోపీ అట్టాంటిది.

తీసెయ్యమని సైగ చేస్తావేం, నువ్వు కూడానా? తియ్యను. నిన్న తీసెయ్యమన్నారని ఇవాళ రోజంతా పెట్టుకుంటా.

నిన్న నేనా మాట అన్నాక చాముండి ఆ కంప్యూటర్ ఆపేసి నా దగ్గరికొచ్చింది. ఎన్నాళ్ళకో నా పక్కన ఆనుకుని కూర్చుంది. చున్నీ కొసతో నా నుదురు తుడిచింది, నెమ్మదిగా, చిన్నప్పుడు నేను దానికి తుడిచినట్టు. నేను దాని నోటివంకే చూస్తున్నా. అప్పుడంది:

"ఇంక ఆ టోపీ తీసెయ్యమ్మా. ఎంత ఉక్కగా ఉందో."