నీలవేణమ్మగారి హారం

పాతనగేదో కొత్తనగేదో, రాయి కెంపో గాజుముక్కో, ఈ చుట్టుపక్కల పదహారూళ్ళల్లో చూపు ఆనించి చెప్పగలిగిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే, కావాలంటే రాసిపెట్టుకోండి. మొన్న తీర్థంలో మా చెల్లెలికి కెంపుల దుద్దులు కొన్నాననుకో, అది తలంటుకుంటే చెవుల కిందనించి ఎర్రనీళ్ళు కారి, మా అమ్మ రక్తమనుకుని వీధంతా పోగయ్యేట్టు కేకలు పెట్టింది, అది వేరే సంగతి. నవ్వింది చాల్లే పోలమ్మత్తా. చేతులాపకుండా శెనక్కాయలు ఒలవండి, ఒక కంసాలి కథ చెప్తాను. ఒలిచింది ఒలిచినట్టు నోట్లో వేసుకోకు మావయ్యా, నేను చూస్తూనే ఉన్నా.

కామాచారని ఒకాయన, గుమ్మళ్ళపాలెంలో ఉండేవాడంట. చేతిలో పనంటే అలాంటిలాంటి పని కాదు, బియ్యపుగింజంత బంగారం ఇస్తే దానిమీద హంసని చెక్కి, ఆ హంస ముక్కులో తామరతూడు కూడా పెట్టేవాడంట. కానీ ఏం లాభం? ఊళ్ళోవాళ్ళు ఆయనకిచ్చే పనేంటంటే, ముక్కుపుడక మర ఊడింది బిగించు, పట్టీల మువ్వ రాలింది అతుకు, మొలతాడు తెగింది ముడెయ్యి. పెద్దపెద్ద నగలన్నీ పట్నం పోయి చేయించుకునేవారంట. ఆయనకి ఒక్కటే కోరిక. చచ్చేలోగా ఎవరో ఒకరు ఒక నగ చేతిలో పట్టుకుని, ఇది కామాచారి చేసిందిరా అనాలి. అంతే. డబ్బు కూడా కాదు, ఆ ఒక్క మాట. పెళ్ళాం భ్రమరాంబతో రోజూ అదే గోల. ఆవిడ ఏమనేదంటే, "పేరెందుకయ్యా నీకు? నేను ఏమయ్యోయ్ అంటే పలుకుతున్నావుగా" అనేది. మొగుడి పేరు నోటితో అనకూడదు కదా, అంచేత బయటా ఆ పేరు లేదు, ఇంట్లోనూ లేదన్నమాట.

ఇలా ఉండగా ఏమైందంటే, ఆ పక్కూళ్ళో బెల్లం సూరాయమ్మని ఒక గొప్పింటావిడ. గొప్పంటే ఈమధ్య వచ్చిన గొప్పే. మొగుడు బెల్లం వ్యాపారంలో పైకొచ్చాడు. ఒంటినిండా బంగారం, అదంతా తళతళా మెరిసిపోయే కొత్త బంగారం. ఆవిడ ఒకసారి దివాణంవారింట్లో పేరంటానికి వెళ్ళిందంట. దివాణం అమ్మగారు చంద్రమతమ్మ, ఆవిడ మెళ్ళో నగంటే ఏ నగ చూసినా నాలుగు తరాల నాటిదే. ఆవిడ సూరాయమ్మ మెళ్ళో హారం ఇలా వేలితో ముట్టుకుని, చటుక్కున వెనక్కి తీసుకుని, వేలు ఉఫ్ఫుఫ్ఫుమని ఊదుకుంటూ, "అబ్బ, ఇంకా కుంపటి వేడి తగ్గలేదమ్మా సూరాయమ్మా!" అందంట. పేరంటంలో ఆడవాళ్ళంతా పమిటలు నోళ్ళకడ్డం పెట్టుకుని నవ్వారు. సూరాయమ్మ తాంబూలం కూడా పుచ్చుకోకుండా బండెక్కేసింది.

బండి తిన్నగా ఇంటికెళ్ళలేదు, కామాచారి అరుగు ముందు ఆగింది. పట్నం కంసాలికి చెప్తే నలుగురికీ తెలిసిపోద్దని. "ఏమయ్యా కామాచారీ, నాకొక హారం చెయ్యాలి. కొత్తది. కానీ పాతదవ్వాలి" అందంట. "రెండూ ఎలాగమ్మా?" "మా అత్తగారి అత్తగారు వేసుకు తిరిగినట్టుండాలి." "ఆవిడ ఎలా ఉండేవారమ్మా, ఆ పద్ధతి చూసి చేస్తాను." "నాకేం తెలుసు? తాటాకులు అమ్ముకునేదంట." చెప్పేసి నాలిక్కరుచుకుంది. అప్పుడు ఆ కుంపటి చూపించి, దీనిమీద చెయ్యేసి ఒట్టెయ్యి, ఈ హారం నువ్వు చేశావని పైకి పొక్కకూడదు అందంట. ఎవడికి పేరు కావాలో వాడితోటే పేరు చెప్పకూడదని ఒట్టు, చూశారా! కామాచారి కాదనేవాడే. కానీ ఈలోగా ఆవిడ మూట విప్పి రాళ్ళు పోసింది. కెంపులు, దానిమ్మగింజల్లా, దోసెడు. పచ్చలు, లేత చింతాకు రంగువి. ఆ రాళ్ళు చూసేసరికి ఒళ్ళు మరిచిపోయి కుంపటిమీద చెయ్యేశాడు. కుంపట్లో నిప్పులున్నాయన్న సంగతి కూడా మరిచిపోయాడంట. బొబ్బలు తగ్గేదాకా పని మొదలెట్టలేదు.

ఇక మొదలెట్టాడు చూడూ! చెక్కపలక మీద సుద్దతో గీస్తాడు, చెరుపుతాడు, గీస్తాడు, చెరుపుతాడు. రెండు వరసల హంసలు, మధ్యలో మామిడిపిందెలు, కింద పతకం, పతకంలో గజలక్ష్మి. భ్రమరాంబ చూసి, "హంసలన్నీ ఒక్కలాగే ఉన్నాయేంటయ్యా? ఆ కాలంవాళ్ళు అచ్చు గుద్దారా? ఒకటి మెడ కాస్త వంకరపెట్టు, ఇంకొకటి కాస్త లావు చెయ్యి" అందంట. నిజమేకదాని, పద్దెనిమిది హంసలకీ పద్దెనిమిది మొహాలు పెట్టాడు. ఒకదానికి సూరాయమ్మ మొహమే పెట్టాడంటారు, ఆవిణ్ణి నేను చూళ్ళేదు. రాళ్ళు కూడా అంతే, సమానంగా ఏరలేదు, ఒకటి ముదురు, ఒకటి లేత, దొరికింది దొరికినట్టు. రాళ్ళు కూర్చునే గుంటల్లో లక్క కరిగించి పోసి, రాయి కింద తళుకు రేకు వేసి, చుట్టూ మేలిమి బంగారపు రేకు పెట్టి, సూదిమొనలాంటి పనిముట్టుతో నొక్కి నొక్కి పొదిగాడు. వాళ్ళింట్లో ఒక పద్ధతుందంట, వాళ్ళ నాన్న పెట్టింది. నగ మరీ బాగా కుదిరితే దిష్టి తగులుద్దని, ఒక్క రాయిని బోర్లా పొదుగుతారు. దిష్టిరాయంటారు. చూసేవాళ్ళకి తెలీదు, చేసినవాడికే తెలుసు. ఎడంపక్క మూడో మామిడిపిందెలో రాయి బోర్లా పెట్టి, పని పూర్తిచేశాడు. మూడు నెలలు పట్టింది.

అయింది కదా? అవలా. హారం ధగధగా మెరిసిపోతోంది. చూసినవాడెవడైనా, ఇవాళ పొద్దున్నే చేశారా అంటాడు. ఆముదం దీపం మసి తీసి సందుల్లో పూశాడు. అప్పుడేమైందంటే, కొత్తనగకి మురికి పట్టినట్టయింది. కడిగేశాడు. ఊక పోసిన గోనెసంచిలో వేసి కుదిపాడు, కుదిపాడు, జబ్బలు పడిపోయేలా కుదిపాడు. కొత్తనగ గీతలు పడ్డట్టయింది. నెత్తిన చెయ్యేసుకు కూచుంటే భ్రమరాంబ, "పాతబడాలంటే మెళ్ళో ఉండాలయ్యా. చెమట తగలాలి, చర్మానికి రాసుకోవాలి, పొద్దస్తమానం కదలాలి" అంది. మరి నువ్వు వేసుకోవే అంటే, "అరవై కాసుల బరువు మోస్తూ పేడకళ్ళెత్తనా? ఊరు చూస్తే నీ ఒట్టేం కాను?" అంది. ఇద్దరూ ఆలోచించారు. చెమట పట్టాలి, కదులుతుండాలి, గడప దాటకూడదు, ఎవరికీ చెప్పకూడదు. ఆ ఇంట్లో అలాంటిదెవరయ్యా అంటే, కొట్టంలో నెమరేస్తూ నిలబడుంది, వాళ్ళ గేదె. పేరు నీలవేణి.

నవ్వకండర్రా, మీకు తెలీదు, అసలు కిటుకంతా అక్కడుంది. గేదె పొద్దున్నించీ పొద్దుపోయేదాకా నెమరేస్తుంది, నెమరేస్తే మెడ కదులుతుంది, మెడ కదిలితే హారం రాసుకుంటుంది. పెద్దింటి ఆడమనిషి పేరంటానికీ పండక్కీ ఏడాదికి పదిసార్లు వేసుకుంటే, నీలవేణి రోజంతా వేసుకుంటుంది. భ్రమరాంబ దాని మెడకి చాలేట్టు హారం రెండు కొసలకీ మెత్తటి పాతగుడ్డ పేలికలు కుట్టి, పైన గోనెపట్టా కప్పి కట్టేది. మొదట్రోజు నీలవేణి తల విదిలించింది, రెండోరోజు ఊరుకుంది, మూడోరోజునించీ తల ఎత్తుకుని నిలబడ్డం మొదలెట్టిందంట. పాలు కూడా సోలెడు ఎక్కువిచ్చింది. నలభై రోజులయ్యాక విప్పి కుంకుడురసంలో కడిగి చూస్తే, అబ్బబ్బ! అంచులు నున్నగా అరిగి, మెరుపు లోపలికి దిగి, కెంపులు నిప్పు మీద బూడిద పట్టినట్టు మెల్లగా వెలుగుతున్నాయి. కామాచారికి తను చేసిన నగే తనకి కొత్తయిపోయి, లేచి దణ్ణం పెట్టుకున్నాడంట.

దసరాకి దివాణంలో బొమ్మలకొలువు పేరంటం. సూరాయమ్మ ఒక్క హారం వేసుకుని, మిగతా ఒళ్ళంతా బోసిగా పెట్టుకుని వెళ్ళింది. గుమ్మంలోనే చంద్రమతమ్మ ఆగిపోయింది. ముట్టుకుంది, ఈసారి వేలు ఊదుకోలేదు. పెట్టెలోంచి భూతద్దం తెప్పించి చూసింది. "ఆహా, ఏం పనీ! ఇది ఈ కాలం పని కాదమ్మా. ఈ అరుగుదల చూడండి, ఇది తరాల మీద వస్తుంది కానీ ఒక్కరి వల్ల అవుతుందా?" అని, "ఆ గుమ్మళ్ళపాలెం కంసాలిని పిలుచుకు రండర్రా, ముక్కుపుడకలు అతుక్కునేవాణ్ణి. పనంటే ఏంటో చూసి నేర్చుకుంటాడు" అని బండి పంపిందంట.

కామాచారి వచ్చి వసారాలో నిలబడ్డాడు. అప్పుడే చంద్రమతమ్మ అడుగుతోంది, "ఎవరిదమ్మా ఇది, మీ ఇంట్లో?" "మా... పాతవాళ్ళదండీ." "అవును, పేరేంటో?" సూరాయమ్మకి చెమటలు పట్టాయి. పేరు ఆలోచించుకు రాలేదు! తాటాకులావిడ పేరు పొట్టెమ్మ. అది చెప్పడానికి నోరు రావటంలేదు. ఆ కంగారు చూసి కామాచారి వసారాలోంచి, "నీలవేణమ్మగారిదండీ" అనేశాడు. అబద్ధమా? కాదు. ఒట్టు తప్పాడా? తప్పలేదు. "మీ తాతలు చూశారా ఏంటయ్యా ఆవిణ్ణి? ఎలా ఉండేవారంట?" "నల్లగా, నిండుగా ఉండేవారమ్మా. మహా నెమ్మదస్తురాలు. ఎవర్నీ పల్లెత్తు మాట అనేవారు కాదు. గడప దాటేవారు కాదు." ఆడవాళ్ళంతా నిట్టూర్చారు. "ఆ కాలం ఇల్లాళ్ళే వేరులెండి" అని ఒకావిడ కళ్ళు కూడా ఒత్తుకుందంట.

అక్కడితో ఊరుకుంటే బావుండేది. చంద్రమతమ్మ కామాచారికేసి తిరిగి, "చూశావా కామాచారీ, అవీ చేతులంటే. నువ్వు ఏడు జన్మలెత్తినా ఇందులో ఒక్క హంసని చెయ్యలేవు" అంది. అంతే. ఎన్నాళ్ళనించో ఎదురుచూస్తున్న మాట, తలకిందులై ఎదురొస్తే ఎలా ఉంటుంది? ఒట్టూ లేదు, గట్టూ లేదు. "అది నేనే చేశానమ్మా!" అని అరిచేశాడు. సూరాయమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. మిగతావాళ్ళంతా ఒకటే నవ్వు. చంద్రమతమ్మ నవ్వలేదు, "ఏదీ, ఆనవాలు చూపించు" అంది. "ఎడంపక్క మూడో మామిడిపిందె చూడండమ్మా, రాయి బోర్లా ఉంటుంది. అది మా ఇంటి పద్ధతి, ఇంకే కంసాలీ పెట్టడు." చంద్రమతమ్మ భూతద్దం పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. సూరాయమ్మ ఊపిరి బిగబట్టింది, కామాచారి ఊపిరి బిగబట్టాడు. "నిజమే, బోర్లా ఉంది" అంది. కామాచారి ఛాతీ ఇంతైంది. "అయితే ఇది మీ ముత్తాత చేసిందన్నమాట! అయ్యో, అంతటివాడి మునిమనవడివై ఉండి నువ్విలా అయిపోయావేంటయ్యా?"

పాపం, ఏం చెప్తాడు? ఎంత చెప్తే అంతా ముత్తాత ఖాతాలోకే పోతోంది. చివరికి దివాణంవారు పట్టుపంచెలచాపు ఒకటి పళ్ళెంలో పెట్టి, మీ ముత్తాతని తలుచుకుని కట్టుకో అని ఇచ్చారంట. ఆ ముత్తాతేమో నాగలికర్రులు సాగగొట్టుకు బతికినవాడు, బంగారాన్ని కళ్ళారా చూసినవాడు కాదు. ఇంటికెళ్తే భ్రమరాంబ అడిగింది, "పేరొచ్చిందా?" "వచ్చింది, మా ముత్తాతకి" అన్నాడంట.

ఆ మర్నాటినించీ కామాచారి అరుగు ముందు బళ్ళు ఆగడం మొదలెట్టాయి. మీ ముత్తాతగారు చేసినవి ఇంకేమైనా ఉన్నాయా అని. ఆయన తల గోక్కుని, "అటక మీద వెతికి చూస్తానమ్మా, ఓ నాలుగైదు నెలలు పడుతుంది" అనేవాడంట. ఒక్క నీలవేణి సరిపోక ఇంకో రెండు గేదెల్ని కొన్నాడు. నీలవేణి మెళ్ళో ఏదో ఒకటి లేకపోతే పాలు చేపేది కాదంట, పని లేనప్పుడు దానికోసం ఇత్తడి కంటె ఒకటి చేసిపెట్టాడు. ఆ చుట్టుపక్కల పాతకాలపు వంశాలని చెప్పుకునేవి చాలామటుకు ఆ కొట్టంలోంచి వచ్చినవే. కామాచారి పోయినప్పుడు జనం ఏమన్నారంటే, ముత్తాత అంతటివాడు కాదుగానీ పాపం మంచివాడు అన్నారంట.

ఇదంతా నీకెలా తెలుసురా అంటావా పోలమ్మత్తా? అదిగో, అడగరనుకున్నాను. నేనీ ఊరొచ్చి నెల్లాళ్ళేగా, వారం వారం మా ఊరు వెళ్ళొస్తున్నా గానీ మా ఇంటి సంగతి మీకెవరికీ తెలీదు, ఆ ధైర్యంతో చెప్తున్నా. బెల్లం సూరాయమ్మ మా నాన్నకి నాన్నమ్మ. ఆ హారం మా ఇంట్లోనే ఉంది. పోయిన వేసంగిలో మా అక్క పెళ్ళికి బయటికి తీస్తే కొక్కెం ఊడింది, శేషాచారి దగ్గరకి పట్టుకెళ్ళాను, కామాచారి మునిమనవడు. కొక్కెం విప్పితే ఒక హంస కాలికింద ఇరుక్కుని ఇంత పొడుగు నల్లటి వెంట్రుక. పాతా కొత్తా చూపు ఆనించి చెప్పగలిగిన మొనగాణ్ణి కదా, చూడగానే చెప్పేశాను, "ఒరే శేషూ, ఇది మా నీలవేణమ్మగారి తలవెంట్రుకరా! ఎంత గట్టిగా ఉందో చూడు, ఆ కాలం తిండి అలాంటిది" అని. కళ్ళకద్దుకున్నాను. వాడు నోరు తెరిచే లోపలే ఇంటికి పరిగెత్తుకెళ్ళి మా అమ్మ చేతిలో పెట్టాను. మా అమ్మ ఏడ్చింది. సాయంత్రం హారం తెచ్చుకోడానికి వెళ్తే, శేషాచారి నేలమీద పడి దొర్లి దొర్లి నవ్వి, అప్పుడు చెప్పాడు ఈ కథంతా. నేను ఇంటికొచ్చేసరికి అమ్మ ఆ వెంట్రుకని వెండి కుంకుమభరిణెలో పెట్టి, దేవుడి గూట్లో పెట్టేసింది. చెబ్దామని నోరు తెరిచాను, రాలేదు. ఇప్పటికీ రాలేదు. శుక్రవారం శుక్రవారం ఆ భరిణెకి మా అమ్మ హారతిస్తుంది. పక్కన నిలబడి గంట కొట్టేది నేనే.