పాపా వెస్ట్రేకి రెండు నిమిషాలు

నా పేరు మీద టిక్కెట్టు కొనమని నిన్నెవరడిగార్రా మాన్సీ? విమానం దిగే వేళకి ఫైరింజన్ దగ్గర నేనుండాలా, వద్దా? మనిషి లేకపోతే పైలట్ చక్రం నేల మీద పెట్టడు. ఇరవై ఏళ్లుగా ఇదే డ్యూటీ నాది.

ఏమిటీ, నువ్వుంటావా? నీ పొట్టకి ఈ ఫైర్ డ్యూటీ కోటు పడుతుందా?

తెలుసులే. ఇక్కడ ఆగాక విమానం ఎదుటి దీవి పాపా వెస్ట్రేకి పోతుంది, అక్కడ ఇస్బెల్ అక్క ఎక్కుతుంది. ముందు కిర్క్‌వాల్ పట్నం, అటునుంచి అబర్దీన్ పెద్దాసుపత్రి. రేపు గుండె ఆపరేషన్. నేనిక్కడ ఎక్కితే తన పక్కన కూర్చోవచ్చు. ఎక్కకపోతే... అక్క మళ్లీ లేస్తుందో లేదోనని డాక్టరు అనడం నా చెవినా పడింది.

నిన్న ఒక టూరిస్టు అడిగాడు, ఆ దీవికి ఎంత దూరమని. మైలుముప్పావు, విమానంలో రెండు నిమిషాలు, గాలి వెనకనుంచి తోస్తే అంత కూడా పట్టదన్నాను. అయితే రోజూ వెళ్లొస్తుంటారు కాబోలని నవ్వాడు. వెళ్లి తొమ్మిదేళ్లయిందంటే నమ్మేవాడా?

నీకు తెలిసిందే. అయినా ఒక్కసారి పైకి చెప్పనీ. తొమ్మిదేళ్ల కిందట అమ్మ అక్కావాళ్లింట్లో ఆఖరి ఊపిరి మీదుంది. పొద్దున్నే అక్క ఫోన్ చేసింది, "బయల్దేరావా? నీ పేరే కలవరిస్తోందే" అని. ఇదే గది, ఇదే ఫోన్.

"పొగమంచక్కా, విమానం లేవదట" అన్నాను.

కిటికీ నిండా ఎండ. బయట విమానం పంకాలు తిరుగుతున్నాయి.

అక్క ఎక్కణ్ణుంచి మాట్లాడిందనుకున్నావు? అక్కడి విమానాల మైదానం పక్క గదిలోంచి. నన్ను తీసుకెళ్లడానికి కారేసుకుని వచ్చింది. ఫోన్ పెట్టి బయటికొచ్చేసరికి విమానం తన కళ్లముందే దిగింది. రెండు నిమిషాలు. ఇంకే ఊళ్లోనైనా ఆ అబద్ధం సాయంత్రందాకా నిలిచేది.

డ్యూటీ వదల్లేకపోయిందని ఊరంతా అనుకుంది. అనుకోనిచ్చాను. కానీ ఆ రోజూ నువ్వొచ్చావు మాన్సీ. ఇలాగే చెయ్యి చాపి, "కోటు ఇటివ్వు, నువ్వెళ్లు" అన్నావు. నేనివ్వలేదు. అమ్మ పోతుంటే చూడాలంటే భయమేసింది. అంతే. నువ్వా సంగతి ఎవరికీ చెప్పలేదు. అందుకే నిన్ను చూస్తే నాకు ఒళ్లుమంట.

అటు చూడు, సముద్రం మీద. ఈసారి నిజంగానే పొగమంచు. విమానం కన్నా అదే ముందొస్తే బాగుండునని పొద్దుట్నుంచీ కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఈ వయసులో, సిగ్గులేకుండా.

వినపడిందా? విమానమే ముందొచ్చింది.

ఇదిగో కోటు, పట్టుకో. జిప్పు సగందాకానే వస్తుంది, లాగి తెంపకు.

అక్క నన్ను చూసి మొహం తిప్పుకుంటుందేమో. తిప్పుకోనీ. కిర్క్‌వాల్ దాకా పావుగంట పైనే పడుతుంది. దారిలో తను దిగిపోవడానికి లేదుగా.