రాష్ట్రానికి మిగిలిన ఒక్క పేదవాడు

సోమవారం నా గుండెకి ఆపరేషన్. ఆలోగా మా అమ్మాయిని ఎక్కడైనా ఉంచాలి.

దానికి ఇరవై నాలుగేళ్ళు. తొమ్మిదో ఏట మెదడువాపు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, బుద్ధి అక్కడే ఆగిపోయింది. ఇంట్లో మేమిద్దరమే. ఒంటరిగా వదిలితే పొయ్యి వెలిగించి మర్చిపోతుంది, తలుపు తీసుకుని వెళ్ళి కనపడ్డ బస్సు ఎక్కేస్తుంది. ఆపరేషన్ అయ్యాక కూడా నెల దాకా బరువు ఎత్తకూడదు, పరిగెత్తకూడదు అన్నాడు డాక్టరు. నా బతుకంతా దాని వెనక పరిగెత్తడమేనని ఆయనకెలా చెప్పను?

సేవా సంఘాలన్నీ ఒక్క భవనంలోనే ఉంటాయని ఎవరో చెబితే పొద్దున్నే దాన్ని తీసుకుని వెళ్ళాను. నాలుగంతస్తులు, గదికో బోర్డు. కింద చిన్నపిల్లల్నే తీసుకుంటారు. ఆ పైన ముసలివాళ్ళని. మూడో అంతస్తులో ఇలాంటివాళ్ళనే తీసుకుంటారు గానీ పుట్టుకతోనే ఇలా ఉండాలి, మధ్యలో అయినవాళ్ళది వేరే కోవ. నాలుగో అంతస్తులో మధ్యలో అయినవాళ్ళే కావాలి గానీ సాయంత్రానికి ఇంటికి తీసుకెళ్ళిపోవాలి. ఎవరూ కసురుకోలేదు. కూర్చోబెట్టే మాట్లాడారు. ఒకావిడ మా అమ్మాయి జుట్టు కూడా సరిచేసింది. చివర్లో మాత్రం అందరిదీ ఒకే మాట: మన రాష్ట్రంలో సంస్థలకేం కొదవమ్మా, ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది.

భోజనాల వేళకి గదులు మూసేశారు. రోడ్డు దాటి టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాం. నేను గ్లాసుని రెండు చేతులతో పట్టుకోవడం చూసి కొట్టావిడ ఏమీ అడక్కుండా సగం టీ వెనక్కి పోసుకుని మళ్ళీ చేతికిచ్చింది. భవనం వాచ్‌మన్ కూడా అక్కడే ఉన్నాడు. ఈ నాలుగంతస్తులు కాక ఇంకేమైనా సంస్థలున్నాయా బాబూ అని అతన్ని అడిగాను.

అతను బల్ల చివర కూర్చున్న మనిషి వైపు గడ్డం ఎత్తి చూపించాడు. అరవై దాటినవాడు. గోళ్ళ చుట్టూ నీలం రంగు, చొక్కా మీద తక్కిన రంగులన్నీ.

"ఆయన్ని అడగండమ్మా. రాష్ట్రంలో ఉన్న సంఘాలన్నిటికీ బోర్డులు రాసింది తనేనంటాడు. కాకపోతే కోతలు. చేటెడు చెబితే చారెడు నమ్మాలి."

"నాకు కోతలు రావు తమ్ముడూ," అన్నాడు ఆయన. "గీతలే వచ్చు."

మొదట చిన్నగానే మొదలుపెట్టాడు. ఆ భవనం మీద మొట్టమొదటి బోర్డు, చూపు లేనివాళ్ళ సంఘానిది, తనే రాశాడట. నిచ్చెన దొరక్క కిటికీ చువ్వ పట్టుకుని వేలాడుతూ ఒంటిచేత్తో రాశాడట. దిగేసరికి అధ్యక్షుడుగారు వచ్చి, బోర్డంతా వేళ్ళతో తడిమి, మూడో అక్షరం దగ్గర దీర్ఘం తగ్గిందయ్యా అన్నారట. చూస్తే నిజంగానే తగ్గిందట. రంగు ఆరకముందే తడిమితే దీర్ఘం తగ్గక పెరుగుతుందా అన్నయ్యా, అంది కొట్టావిడ గ్లాసులు కడుగుతూ. ఆయన వినిపించుకోలేదు.

ఆ తర్వాత ఏమైందో తెలుసా అని తనే అడిగి తనే చెప్పాడు. ఆ ఒక్క బోర్డుతో చేతికి పేరొచ్చేసిందట. వినపడనివాళ్ళ సంఘం వచ్చింది, దాని వెనక తల్లీతండ్రీ లేనివాళ్ళది, రక్తం ఇచ్చేవాళ్ళది, కళ్ళు ఇచ్చేవాళ్ళది, చెట్లు నాటేవాళ్ళది, నాటిన చెట్లకి నీళ్ళు పోసేవాళ్ళది వేరే, పొయ్యక ఎండిపోతే బాధపడేవాళ్ళది ఇంకా వేరే. పాత పాటలు కాపాడేవాళ్ళు, పాత పాటలు మళ్ళీమళ్ళీ పాడేవాళ్ళ నుంచి ఇరుగుపొరుగుని కాపాడేవాళ్ళు. కుక్కలకో సంఘం, కుక్కలు కరిచినవాళ్ళకో సంఘం, రెండూ ఒకే గోడకి అటొకటి ఇటొకటి, రెంటికీ అధ్యక్షుడు ఒక్కడేనట. పొద్దున కుక్కకి బిస్కెట్టు వేసేవాడట, మధ్యాహ్నం అదే కుక్క కరిచినవాడికి కట్టు కట్టేవాడట.

మా అమ్మాయి నవ్వింది. కుక్క అన్న మాట వింటే చాలు దానికి. దాంతో ఆయనకి ఊపొచ్చింది. అప్పటిదాకా వాచ్‌మన్‌కి చెబుతున్నవాడు, ఇటు తిరిగి దానికి చెప్పడం మొదలుపెట్టాడు.

ఇంతకీ ఎన్ని ఉంటాయండీ మొత్తం అని వాచ్‌మన్ అందించాడు, నాకు కన్ను గీటుతూ. లెక్కపెట్టడానికి కూడా ఒక సంఘం పెట్టారట. ఊరూరూ తిరిగి లెక్క తేల్చి, దండలు వేసుకున్నాక చూసుకుంటే తమ సంఘాన్ని కలపడం మర్చిపోయారట. మళ్ళీ మొదటి నుంచీ తిరిగారు. ఈలోపు వాళ్ళ తప్పు పట్టుకోవడానికి ఇంకో సంఘం పుట్టింది, దాన్నీ కలపాలి. ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నారు పాపం, తాతలు మొదలెట్టిన లెక్క మనవలు నడుపుతున్నారు అన్నాడు.

గోడలు చాలక పాత బోర్డు మీదే కొత్తది రాసేవాడట. ఒక రేకు మీద రంగు మీద రంగు పడి పరుపంత మందమైతే, ఎండాకాలం దాని మీదే పడుకునేవాడట. చివరికి బోర్డుల బరువుకి భవనమే రోడ్డు మీదికి ఒరిగిపోయిందట. అప్పుడు ఒరిగిన భవనాల పరిరక్షణ సంఘం అని ఒక పెద్ద బోర్డు రాసి అవతలి గోడకి బిగిస్తే, ఆ బరువుకి మళ్ళీ నిటారుగా నిలబడిందట.

నేను డ్యూటీలో ఉండగానే జరిగిందా ఇదంతా అన్నాడు వాచ్‌మన్.

"నువ్వు నిద్రలో ఉన్నావు. నీ కుర్చీ గేటు దాకా జారింది. మళ్ళీ యథాస్థానానికి నెట్టింది నేనే."

కొట్టావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, ఇక అసలు సంగతి వినండి అన్నట్టు ముందుకి వంగాడు.

"నమ్మరు గానీ, ఒక దశలో రాష్ట్రంలో మనుషులకంటే సంఘాలే ఎక్కువైపోయాయి. ప్రతివాడూ దేనికో ఒకదానికి అధ్యక్షుడు, కాకపోతే కార్యదర్శి, మరీ చేతకానివాడు కోశాధికారి. సాయం చేసేవాళ్ళే గానీ పుచ్చుకునేవాడు లేడు. వెతగ్గా వెతగ్గా వంతెన కింద ఒక్కడంటే ఒక్క పేదవాడు దొరికాడు. అన్ని సంఘాలకీ ఇక వాడే దిక్కు. వంతులేసుకున్నారు. తెల్లారగానే కళ్ళవాళ్ళు వచ్చి నల్లద్దాలు తగిలించి ఫొటో తీసుకునేవాళ్ళు. అవి ఊడదీసి కాళ్ళవాళ్ళు చంకకర్ర ఇచ్చేవాళ్ళు. మధ్యాహ్నం ఆకలివాళ్ళు భోజనం పెడితే, వాడు నోట్లో పెట్టుకునేలోపు ఊబకాయంవాళ్ళు వచ్చి కంచం లాగేసేవాళ్ళు. సాయంత్రం తాగుడు మాన్పించేవాళ్ళ వంతు. వాడికి తాగుడు లేదు. మాన్పించాలంటే ముందు ఉండాలి కదా? వాళ్ళే పోయించారు."

ఆ తర్వాత ఏమైందని ఈసారి వాచ్‌మనే అడిగాడు.

"ఏమవుతుంది, వాడు అలిసిపోయి నా దగ్గరికొచ్చాడు. మామా, నన్ను కాసేపు పడుకోనిచ్చే సంఘం ఏదైనా ఉందా అన్నాడు. అన్నీ ఉన్నాయి గానీ అదొక్కటీ లేదురా అన్నాను. అయితే బోర్డు రాయి, నేనే పెడతా అన్నాడు. రాశాను. అంతే, వాడూ అధ్యక్షుడైపోయాడు. రాష్ట్రానికి ఆ ఒక్క పేదవాడు కూడా లేకుండా పోయాడు. ఆ రోజు సంఘాలన్నిటికీ సెలవు ఇచ్చేశారు."

నేనూ నవ్వాను. నవ్వి ఎన్నాళ్ళయిందో. నవ్వుతుంటే ఛాతీలో పట్టేసింది, బల్ల అంచు పట్టుకుని ఆగాను. అప్పుడు ఆయన మొదటిసారి నా మొహం చూశాడు.

ఎవరి కోసమమ్మా తిరుగుతున్నారు అని అడిగాడు. చెప్పాను. నాలుగు ముక్కల్లో అయిపోయింది. సోమవారం అని కూడా చెప్పాను. కొట్టావిడ స్టవ్వు మంట తగ్గించింది.

ఆయన అక్కడ ఆపేస్తే బాగుండేది. కానీ కోతలు కోసే మనిషి తన ఎదుట ఒక మొహం వాడిపోతే చూసి ఊరుకోలేడు.

"ఒక ఇల్లుందమ్మా," అన్నాడు.

ఊరి చివర ఉంటుందట. పొడుగాటి వరండా, మంచానికో కిటికీ. వచ్చినవాళ్ళని వయసు అడగరు, ఎప్పటి నుంచి ఇలా అని అడగరు, ఎప్పుడు తీసుకెళ్తారు అని అస్సలు అడగరు. తలుపుకి గడియ లేదు. బిగించబోతే మేకు దిగకుండా వంగిపోయిందట. కొత్తమనిషి గుమ్మం ఎక్కగానే వెనకవైపు ఇంకో గది దానంతటదే లేస్తుందట, సున్నం వేసి, దుప్పటి పరిచి. చీకటంటే భయపడేవాళ్ళ పక్కన ఒక మనిషి కూర్చుంటుంది, వాళ్ళు చెయ్యి వదిలేదాకా లేవదు. దాని బోర్డు కూడా తనే రాశాడట. తక్కిన సంఘాల బోర్డుల మీద ఎవరికి, ఎందుకు, ఏ వయసుకి అని బారెడు రాయాల్సి వస్తే, దీని మీద రెండే మాటలు. ఎవరైనా రావచ్చు. నా జన్మలో అంత బాగా ఏదీ రాయలేదమ్మా అన్నాడు.

నాకు తెలుసు. గదులు వాటంతటవే లేవవు.

"ఎంత దూరం?" అని అడిగాను.

ఎంతో లేదమ్మా, నేనే దగ్గరుండి దింపుతాను అన్నాడు.

మా అమ్మాయి లేచి నిలబడింది. సంచి భుజానికి తగిలించుకుంది. వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది.

"పద మామయ్యా."

ఆయన నవ్వాడు. అది నవ్వలేదు. ఇప్పుడు కాదు తల్లీ, ఎండగా ఉంది అన్నాడు. ఎండ లేదు అంది. నిజమే, పొద్దుటి నుంచీ మబ్బే. బస్సు రావడానికి చాలాసేపు పడుతుంది అన్నాడు. నడుస్తాను అంది. వాళ్ళు భోజనాలు చేస్తుంటారు, మనం వెళ్తే బాగుండదు అన్నాడు. బయట కూర్చుంటాను, అల్లరి చెయ్యను అంది. పొద్దుటి నుంచీ ప్రతి గది ముందూ నేను దానికి నేర్పిన మాట అది.

వాచ్‌మన్ భవనం వైపు చూస్తూ ఉండిపోయాడు. కొట్టావిడ చేతులు తుడుచుకుంది.

"తీసుకెళ్ళు మరి అన్నయ్యా. పిల్ల లేచి నిలబడింది."

ఆయన దాని వైపు చూడలేకపోయాడు. నాతో చెప్పాడు.

"బోర్డు నిజమేనమ్మా."

ఎవరో భార్యాభర్తలు వచ్చి రాయించుకున్నారట, ఇలాంటి ఇల్లు ఒకటి పెడుతున్నామని. వారంలో వచ్చి తీసుకెళ్తామన్నారట. మళ్ళీ రాలేదు. ఇల్లు పెట్టారో లేదో, అసలు ఏ ఊరో, ఆయనకి తెలీదు. కొన్నాళ్ళు గుమ్మం ముందే పెట్టుకుని ఎదురుచూశాడట.

"మా ఇంట్లోనే ఉంది. మంచం కింద."

మా అమ్మాయి నా వైపు తిరిగింది. మొహం వెలిగిపోతోంది.

"మంచం ఉందట అమ్మా."

నేనొక్కణ్ణే ఉంటానమ్మా, ఒక్కటే గది అన్నాడు ఆయన, నేనేమీ అడక్కుండానే. తల ఊపాను. ఆయన తప్పేముంది.

రోడ్డుకి అవతల గదులు ఒక్కొక్కటే తెరుస్తున్నారు. పదమ్మా అన్నాను. అది కదల్లేదు. దాని పట్టు గట్టిది. ఒక్కో వేలూ విడదీయాల్సి వచ్చింది, ఒకటి విడదీసి రెండోదాని దగ్గరికి వచ్చేసరికి మొదటిది మళ్ళీ పట్టుకునేది. నేను విడదీస్తున్నంతసేపూ ఆయన చెయ్యి వెనక్కి లాక్కోలేదు.