మిద్దె మీది సొరతీగె

"సొరకాయంటే ఏమనుకుంటున్నవ్ మహేందర్? నువ్వు బజార్ల కొనేటివి కాయలు కావు, పిందెలు!"

మీర్‌పేట్‌ల కిరాయి ఇంటి ముందర మెట్ల మీద కూసొని చాయ్ తాగుకుంట పెయింటర్ ఇస్సాకు మొదలువెట్టిండు. వినేటోళ్లు ఇద్దరే. ఒకరు ఆటో నడిపే మహేందర్, ఇంకొకరు కింది పోర్షన్ల ఉండే యాదలక్ష్మి. ఆమె గోరుచిక్కుళ్లు తుంపుతున్నది.

"మొదాలు టమాట పెడితె కోతులు తిన్నయ్. వంకాయ పెడితె తెల్లదోమ పట్టి సచ్చింది. మా ఇంటామె రెబెక్క 'ఇగ నీతోని కాదు, బంద్ చెయ్' అన్నది. నాకు రోషమొచ్చింది. ఖాళీ పెయింట్ డబ్బల మట్టి నింపి మిద్దె మీద ఒక్కటంటే ఒక్క సొరగింజ పెట్టిన. నెలన్నరకు నా చెయ్యంత కాయ! కూర వండి రెబెక్క చర్చిల అందరికి చెప్పుకున్నది."

"మంచిగనే ఉన్నది" అన్నడు మహేందర్.

"ఆగు, అయిపోలే. రెండో కాయ మిద్దె మీదికెళ్లి నేల దాంక దిగింది. పిల్లగాండ్లు జారుడుబండ ఆడిండ్రు. ఇగ తీగె ఆగుతదా? కరెంటు తీగెలు పట్టుకొని చైతన్యపురి పోయింది. ఆడ హాస్టల్ పోరగాండ్లు కిటికీలకెళ్లి చెయ్యి చాపి తెంపుకొని నెల రోజులు సొరకాయ కూరే తిన్నరు. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? మెట్రో పిల్లర్ ఎక్కి, ఆగి ఉన్న రైలును చుట్టుకున్నది!"

"రైలునా!"

"రైలునే! డ్రైవర్ ఫోన్ చేసి 'సార్, మీ తీగె జర తియ్యండి' అని బతిమాలిండు. నేను ఈడ మిద్దె మీద నిలవడి ఒక్క గుంజు గుంజిన. రైలు రివర్స్‌ల ఎల్బీనగర్ ఒచ్చి ఆగింది!"

యాదలక్ష్మి చిక్కుళ్ల గిన్నె పక్కకు పెట్టింది.

"ఇస్సాకన్నా, నీ గింజ మొలవనే లేదు. అది నా వాకిట్ల మొలిచిన తీగె. మీ పిట్టగోడ ఎక్కితె, కొస గుంజి నీ డబ్బకు కట్టుకున్నవ్. రెబెక్క గంత సంబరపడుతుంటె నాకు నోరు రాలే. గని రైలు గుంజినవంటె పోలీసులొచ్చేది నా వాకిట్లకే కదా, వేరు ఆడనే ఉన్నది!"

మహేందర్ నవ్వుకు చాయ్ పొలమారింది.

ఇస్సాకు రెబెక్క వస్తున్నదేమోనని మెట్ల పైకి చూసిండు. తర్వాత మెల్లగ అన్నడు, "రెబెక్కకు చెప్పకు అక్కా."

"చెప్ప. గని రేపటి కాయ నా పొయ్యి మీదికే."