ఎడమవైపు వెలుగు

చనిపోయిన చిత్రకారుడి బొమ్మల ప్రదర్శన వచ్చే వారం. ఆయన పనిచేసుకున్న గదిలోనే తమ్ముడు, ప్రదర్శన పుస్తకానికి తాను రాసిన ముందుమాటని వదినకి చదివి వినిపిస్తున్నాడు.

“‘అన్నయ్య వెలుగుతోనే పుట్టాడు. ప్రతి బొమ్మలోనూ ఎడమవైపు నుంచి ఆ వెలుగు పారుతుంది.’ బాగుందా వదినా?”

“ఎడమవైపు నేను నిలబడేదాన్ని.”

“అంటే?”

“దీపం పట్టుకుని. స్టాండు మీద పెడితే వెలుగు చచ్చిపోతుందనేవారు. చెయ్యి కాస్త కదులుతుంటేనే దానికి ప్రాణమట. ముప్పై ఏళ్లు పట్టుకున్నాను.”

“నాకెప్పుడూ చెప్పలేదే.”

“నువ్వొచ్చినప్పుడల్లా కాఫీ పెట్టడానికి వెళ్లేదాన్నిగా. సరే, చదువు.”

“‘చివరి పదేళ్లలో వెలుగు కిందికి దిగింది. అది ఆయన వినయం.’”

“అది నా భుజం. పైకి లేచేది కాదు.”

“వదినా, సాయంత్రానికి ప్రెస్సుకి ఇవ్వాలి. ఇప్పుడివన్నీ తవ్వితే అన్నయ్య పరువేం కావాలి? పోనీ, ‘ఇంటికి దీపం ఇల్లాలు’ అని నీ గురించీ ఓ మాట కలుపుతాను.”

“నేను దీపాన్ని కాదు, దాన్ని పట్టుకున్న మనిషిని. ఆఖరి బొమ్మ గురించి ఏం రాశావు?”

“అది మొత్తం నలుపే కదా. ‘తనే వెలుగైపోయాడు, ఇక దీపంతో పని లేకపోయింది’ అని రాశాను.”

“ఆ రోజు నొప్పి ఓర్చుకోలేక దీపం ఆర్పేసి, ఇదిగో, ఇక్కడే కింద కూలబడ్డాను.”

“అన్నయ్య ఏమన్నాడు?”

“నల్లరంగు తీసుకున్నారు.”